కుట్టుమిషన్ నూనె, నాలుగు చుక్కలు

ఆ కారు బరువు నూట నలభై ఒక్క గ్రాములు. వంటింటి త్రాసు మీద మూడుసార్లు తూచి రాసుకున్న అంకె అది. అరచేతిలో ఇమిడే చెక్కబొమ్మ. ఇరవై ఐదేళ్లు దాటింది. దాన్ని నేను ఇంకా దించలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియనివారు కాబట్టే చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే సగంలోనే ఓదారుస్తారు. "పిల్లల బొమ్మ గురించా ఇంత బాధ?" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది సరిగ్గా ఆ మాటే. దానితో ఎంతసేపు నిద్రపోవచ్చో, ఎంతసేపటికి మెలకువ వస్తుందో లెక్క నాకు తెలుసు. మీరు ఓదార్చకండి. చివరిదాకా వినండి, చాలు.

1998లో నేను సిడ్నీకి వచ్చాను. పాత కంప్యూటర్లలో సంవత్సరానికి రెండంకెలే రాసి వదిలేసిన పాపానికి ప్రపంచమంతా కంగారుపడుతున్న రోజులవి. పాత భాషలో రాసిన పాత ప్రోగ్రాములు చదవగలిగిన నాబోటివాళ్లకు హఠాత్తుగా గిరాకీ వచ్చింది. ఒక పెద్ద సంస్థలో నా పని పరీక్షించడం. ప్రతి ప్రోగ్రామునూ 2000 సంవత్సరంలోకి నడిపించి, సరిగా నడిస్తే తేదీ వేసి సంతకం పెట్టాలి. నడవకపోతే పెట్టకూడదు. అంతే. ఆ పని నా స్వభావానికి అతికినట్టు సరిపోయింది. మనిషి మాటను నేను ఎప్పుడూ నమ్మలేదు. తేదీ, అంకె, సంతకం, ఈ మూడే నమ్మాను.

సిడ్నీ శివారు గిరావీన్‌లో ఒకే కప్పు కింద రెండు వాటాల ఇల్లు. ఒక వాటాలో నేను, నా భార్య విజయ, తొమ్మిదేళ్ల మా మాధురి. రెండో వాటాలో ఖలీల్ కుటుంబం. గుంటూరువాడు, నాకంటే పదేళ్లు చిన్న, నేను పనిచేసే ఆఫీసులోనే వేరే విభాగం. అతని కూతురు నాజియాకీ తొమ్మిదేళ్లే. పిల్లలిద్దరూ ఒకే బడి, ఒకే తరగతి. వెనక వరండా రెండు వాటాలకూ ఉమ్మడిది. ఆ వరండాలోనే ఇదంతా జరిగింది.

పిల్లలిద్దరూ వెళ్లే శనివారపు క్లబ్బులో ఆ ఏడు ఒక పందెం పెట్టారు. ప్రతి బిడ్డకూ ఒక పైన్ చెక్కదిమ్మ, నాలుగు మేకులు, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు ఇచ్చారు. దిమ్మను చెక్కి కారు చేయాలి. మేకులే ఇరుసులు. మోటారు ఉండదు. ఏటవాలు పట్టాల మీద వదిలితే దాని బరువుతో అది జారిపోవాలి. బరువు అందరికీ ఒకటే గనుక, గెలుపోటములన్నీ చక్రానికీ మేకుకూ మధ్య రాపిడిలో ఉంటాయి. అంటే కందెనలో ఉంటాయి. నిబంధనల కాగితంలో ఒక వాక్యం ఉంది: పొడి కందెన మాత్రమే వాడాలి, నూనె నిషిద్ధం. నూనె పట్టాల మీద పడితే ఇతరుల కార్లు పాడవుతాయి కాబట్టి. ఆ వాక్యాన్ని పిల్లలకు రెండుసార్లు చదివి వినిపించింది నేనే.

నేను మామూలుగా చేసే మనిషినా? నలభై పేజీల నోటుబుక్కు కొని గళ్లు గీశాను. తేదీ, గది ఉష్ణోగ్రత, కందెన పేరు, చక్రం ఎన్ని సెకన్లు తిరిగింది, ఎవరు పెట్టారు. ఒక్కొక్క కందెనకు ఐదుసార్లు. అతి ఎక్కువ, అతి తక్కువ కొట్టేసి మిగిలిన మూడింటి సగటు. మాధురి చక్రం తిప్పేది. నేను స్టాప్‌వాచ్ పట్టుకునేవాణ్ని. నాజియా రాసేది, ఆమె దస్తూరి గుండ్రంగా ఉండేది గనుక.

ఖలీల్ టీ గ్లాసుతో గడపలో నిలబడి నవ్వేవాడు. "అన్నా, మీరు ఇడ్లీ ఉడికిందో లేదో కూడా స్టాప్‌వాచ్ పెట్టే చూస్తారా? వదినగారెట్లా వేగుతున్నారో మీతో!"

"నీ ఇడ్లీలు రాళ్లలా ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసిందా?" అన్నాను. పిల్లలు పడీపడీ నవ్వారు.

ఏమీ రాయని చక్రం పదకొండు సెకన్లు తిరిగింది. కొవ్వొత్తి మైనం పదమూడు. ముఖానికి వేసుకునే పౌడరు పద్నాలుగు. కొబ్బరినూనె సాయంత్రం హీటరు పక్కన పదిహేడు, మర్నాడు పొద్దున వరండా చలికి గడ్డకట్టి నాలుగు. ఆ వరుస చూసి పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. గ్రాఫైట్ పొడి, అంటే పెన్సిల్లో ఉండే నల్ల పొడి, ఇరవై రెండు. విజయ కుట్టుమిషన్‌కు వాడే నూనె ఇరవై ఆరు.

"వాడకూడదు కదా అంకుల్, దెన్ వై టెస్ట్ ఇట్?" అని నాజియా అడిగింది.

"తెలుసుకోవడానికి" అన్నాను. ఆ అంకె చుట్టూ సున్నా చుట్టమన్నదీ నేనే. చుట్టింది. ఆ సున్నాను గుర్తుపెట్టుకోండి.

నాజియాకు ఒక అలవాటుండేది. చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేది. "దిస్ వన్ సౌండ్స్ టైర్డ్, అంకుల్" అనేది. ఆ మాటకు నోటుబుక్కులో గడి లేదని నేను నవ్వేవాణ్ని. ఆమె తన నాలుగు మేకులనూ పాత జీన్స్ గుడ్డ మీద టూత్‌పేస్టు రాసి ఒక్కొక్కటి గంటసేపు రుద్దింది. మధ్యమధ్య విని, మళ్లీ రుద్దేది. మా మాధురి మేకులను నేను ఉప్పుకాగితంతో రుద్దాను. ఎన్ని నిమిషాలు రుద్దాలో లెక్కగట్టి రుద్దాను. బరువు ఎక్కడ పెట్టాలో లెక్కగట్టి, అడుగున సీసం ముక్క దిగ్గొట్టాను. అసలా కారులో మాధురి చేసింది ఏముంది? రంగు వేసింది. ఆకుపచ్చ.

పందేనికి రెండు వారాల ముందు అభ్యాసం పెట్టారు. నాజియా కారు 3.12 సెకన్లు. మాది 3.18. మూడుసార్లు వదిలారు, మూడుసార్లూ అంతే తేడా. సెకనులో నూరోవంతులు ఆరు. మాధురి చప్పట్లు కొట్టి నాజియాను కౌగిలించుకుంది. నేను ఇంటికి వచ్చి ఆ ఆరు ఎక్కడి నుంచి వచ్చిందో వెతికాను. రెండు వారాలు వెతికాను. అన్ని గళ్లూ సరిగ్గానే ఉన్నాయి. స్టాప్‌వాచ్ లేకుండా చెవితో పనిచేసిన తొమ్మిదేళ్ల పిల్ల నా అంకెలను ఓడించిందని ఒప్పుకోవడానికి నలభై ఏడేళ్ల మనిషికి మనసు రాలేదు. ఇంత చిన్న బుద్ధి ఎక్కడ దాక్కుని ఉంది నాలో? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. నిజంగా అనిపిస్తుంది.

1999 ఆగస్టు పదమూడు, శుక్రవారం. ఈ దేశంలో అది చలికాలం. ఆ రోజు పొద్దున ఆఫీసులో ముప్పై ఏళ్లయినా నిండని మా మేనేజరు, నేను పూర్తిగా నడపని ఒక పరీక్ష మీద సంతకం పెట్టమన్నాడు. పెట్టనన్నాను. "మీరు సరిచూసేసరికి 2001 వచ్చేస్తుంది" అన్నాడు. ఎనిమిదిమంది నవ్వారు. జనవరి తరవాత నా అవసరం ఉండదని కూడా అప్పుడే, అందరి ముందే చెప్పాడు. నేను సంతకం పెట్టలేదు. తలెత్తుకునే బయటికి వచ్చాను.

ఈ సంగతి సాకుగా చెప్పడం లేదు. చాలా ఏళ్లు సాకుగానే వాడుకున్నాను. ఆ రోజు అవమానం జరగకపోతే ఆ పని చేసేవాణ్ని కానని. అబద్ధం. పొద్దున అబద్ధపు సంతకం పెట్టనని తలెత్తుకున్నవాడే సాయంత్రం ఐదూ నలభైకి ఏం చేశాడో చూడండి.

కార్లను శుక్రవారం సాయంత్రమే అప్పగించాలి. బడి హాల్లో తూచి, కొలిచి, పందెం దాకా తాళం వేసి ఉంచుతారు. పెండిల్ హిల్ స్టేషన్‌లో దిగి గబగబా నడిచి వచ్చాను. మాధురి బూట్లు వేసుకుంటోంది. విజయ కుట్టుమిషన్ సొరుగు తెరిచాను. నూనె సీసా. ఇంజెక్షన్ సూది. ఒక్కొక్క చక్రం లోపల ఒక్కొక్క చుక్క. పైన గ్రాఫైట్ పొడి దులిపాను, కనబడకుండా. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చెయ్యి వణకలేదు. అది వణికి ఉంటే, ఒక్క చుక్క కింద పడి ఉంటే, ఆగిపోయేవాణ్నా? తెలియదు. నేను వేసుకునే ప్రశ్నల్లో ఏ అంకెతోనూ తేలనిది ఇదొక్కటే.

"నాన్నా, రెడీనా?" అని మాధురి వచ్చి కారు అందుకుంది. రెండు చేతులతో, దీపం పట్టుకున్నట్టు పట్టుకుంది.

శనివారం పందెం. చివరికి మిగిలినవి రెండు కార్లు, అవి ఏవో చెప్పనక్కరలేదు. ఒకసారి ఇటు పట్టా మీద, ఒకసారి అటు పట్టా మీద, మార్చి రెండుసార్లు వదలాలి. మొదటిసారి మాది కుడి పట్టా. గెలిచింది. పట్టాలు మార్చారు. నాజియా కారు కుడి పట్టా మీదికి వెళ్లింది. సగం దాటాక దాని జోరు తగ్గడం నేను కళ్లారా చూశాను. మళ్లీ మాదే గెలుపు.

హాలు హోరెత్తింది. నేను మాత్రం కుడి పట్టాను చూశాను. దాని మీద సన్నటి మెరుపు గీత. నూనె. మా చక్రాల నుంచి చిమ్మి పడి, నాజియా చక్రాలకు అంటుకున్న నూనె. ఎంత వాడాలో లెక్కగట్టాను గానీ, హాల్లోని హీటర్ల వేడికి అది ఎంత పలచబడుతుందో లెక్కగట్టలేదు.

ఇక్కడ ఆగకుండా చెప్పేయాలి. ఫొటో కోసమన్నట్టు వెళ్లి మా కారును చేతిలోకి తీసుకున్నాను. జేబులో నుంచి చేతిరుమాలు తీశాను. నాలుగు చక్రాల అంచులూ తుడిచాను. రుమాలు మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాను. నిన్నటిది ఆవేశం అనుకుంటే, ఇది ఏమిటి? దీనికి ఏ మేనేజరు కారణం?

క్లబ్బు పెద్ద గ్రెగ్ అనే ముసలాయన. మెతక మనిషి. పట్టా మీద వేలు రాసి చూసుకుని, తెల్లకాగితంతో రెండు కార్ల చక్రాలూ తుడిచాడు. మాది పొడి. నాజియాది నల్లటి జిడ్డు. నాజియా సంచిలో నోటుబుక్కు ఉంది. గ్రెగ్‌కు చూపించాలని ముచ్చటపడి తెచ్చుకుంది పిచ్చిపిల్ల. ఆయన తెరిచాడు. గుండ్రటి దస్తూరి. కుట్టుమిషన్ నూనె, ఇరవై ఆరు. దాని చుట్టూ సున్నా.

ఆయన అరవలేదు. అందుకే నాకు ఈనాటికీ ఆయన మీద కూడా కోపం. ఎవరైనా పొరపాటున రాసి ఉంటే ఇప్పుడే చెప్పండి, చక్రాలు కడిగి మళ్లీ వదులుదాం, పెద్ద విషయం కాదు అన్నాడు. అంటే ఆ క్షణాన నిజం ఖరీదు ఎంత? ఒక్క వాక్యం. చక్రాలు కడగడం. మళ్లీ ఒకసారి వదలడం. అంత చవగ్గా దొరుకుతున్న నిజాన్ని కూడా నేను తీసుకోలేదు.

"ఐ డిడ్‌న్ట్" అంది నాజియా. ఏడవలేదు. నావైపు తిరిగింది. "అంకుల్, యూ నో ఐ డిడ్‌న్ట్."

"నాన్నా, టెల్ హిమ్!" అని మాధురి నా చొక్కా పట్టి లాగింది.

ఖలీల్ దగ్గరికి వచ్చాడు. తెలుగులో, గొంతు తగ్గించి అడిగాడు. "అన్నా, టెస్టులన్నీ మీ ముందరే గదా చేశారు. మీరు ఒక్క మాట చెప్పండి. మా పాప పెట్టిందా, లేదా? పెట్టలేదని మీరంటే ఇంక ఆ దేవుడొచ్చి చెప్పినా నేను వినను."

నేను చెప్పిన జవాబు అక్షరం పొల్లుపోకుండా ఇది: "గురువారం నుంచి పందెం మొదలయ్యేదాకా ఆ కారును నేను చూడలేదు ఖలీల్. చూడనిదానికి నేను హామీ ఇవ్వలేను."

ఆ వాక్యంలో ఒక్క అబద్ధం లేదు. గమనించారా? నిజంగానే ఆ మధ్యలో చూడలేదు. చూడనిదానికి హామీ ఇవ్వకపోవడం నా వృత్తి ధర్మం. పొద్దస్తమానం నేను గర్వపడే ఆ ఖచ్చితత్వాన్నే తీసుకుని ఒక పసిపిల్ల గొంతుకు అడ్డం పెట్టాను. జేబులో రుమాలు తొడకు తడిగా తగులుతోంది.

ఖలీల్ ముఖం మారిపోయింది. ఇతరులైతే అది గోడమీది పిల్లివాటం జవాబు అనుకునేవారు. ఖలీల్ నన్ను ఎరిగినవాడు. సందేహం లేకపోతే అన్న అలా మాట్లాడడు అనుకున్నాడు. కూతురి చెయ్యి పట్టుకుని, "సారీ చెప్పు" అన్నాడు. ఆమె చాలాసేపు వాళ్ల నాన్న ముఖంలోకి చూసింది. తరవాత గ్రెగ్‌కు చెప్పింది. మాధురికి చెప్పింది. చివరికి నా ముందుకు వచ్చింది.

"సారీ అంకుల్."

నేనేమన్నానో తెలుసా? "పర్వాలేదమ్మా" అన్నాను.

నేను ఆమెను క్షమించాను. నేను! అందరూ వింటుండగా, తల నిమిరి, పెద్దమనిషిలా. చేసిన తప్పులన్నిటినీ వరసగా నిలబెట్టి ఏది పెద్దదని అడిగితే, నూనె కాదు, రుమాలు కాదు, హామీ ఇవ్వలేనన్న మాట కూడా కాదు. ఈ "పర్వాలేదమ్మా". ఇప్పుడు ఎవరైనా నాతో పర్వాలేదు అంటే, మెట్రోలో కాలు తొక్కినందుకు నేను క్షమాపణ అడిగితే ఎవరైనా మర్యాదకు అన్నా సరే, నా మెడ మీద వేడి సెగ తగిలినట్టవుతుంది.

నోటుబుక్కును గ్రెగ్ నా చేతికిచ్చాడు, పెద్దవాణ్ని కదా. నాజియా దాన్ని తిరిగి అడగలేదు. వరండాలోకీ రాలేదు. గెలిచినందుకు ఇచ్చిన కప్పును మాధురి రెండు రోజులు బల్ల మీద ఉంచి, తరవాత తానే బీరువా వెనక పడేసింది. ఎందుకని నేను అడగలేదు. ఒకరోజు స్టేషన్ నుంచి కలిసి నడుస్తూ ఖలీల్ అన్నాడు: "ఏమిటో అన్నా, ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా ముందు దాన్నే అడుగుతున్నాను. అడిగాక నాకే సిగ్గేస్తుంది. అయినా అడుగుతున్నాను." నేను తలూపాను. అప్పుడు కూడా చెప్పలేదు. ఇంటికి పన్నెండు నిమిషాల నడక. పన్నెండు నిమిషాలూ తలూపాను.

జనవరి ఒకటిన ప్రపంచం మునిగిపోలేదు. నేను సంతకం పెట్టిన ప్రోగ్రాములన్నీ నడిచాయి. ఆ ఏడాదే ఖలీల్ కుటుంబం బ్రిస్బేన్‌కు, సన్నీబ్యాంక్ దగ్గరికి మారిపోయింది. ఆ తరవాత పండగలకు ఫోన్లు. తరవాత అవీ తగ్గాయి. నాలుగేళ్ల క్రితం ఖలీల్ పోయాడు. కూతురు మోసం చేసిందనే నమ్మకంతోనే పోయాడు. ఆ అంకెను ఇక ఎవరూ దిద్దలేరు.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానని మీరు అడగాలి. అడిగే హక్కు మీకుంది.

నాకిప్పుడు డెబ్బై రెండేళ్లు. సిడ్నీలోనే, రౌస్ హిల్‌లో ఉంటున్నాను. పోయిన నెలలో మాధురి ఏదో పనిమీద బ్రిస్బేన్ వెళ్లి నాజియాను కలిసింది. తిరిగొచ్చి ఫోన్ చేసింది. నవ్వుతూ చెప్పింది. "నాన్నా, ఆ కార్ రేస్ గుర్తుందా? నాజియా ఇప్పుడు దాన్ని జోక్‌గా చెప్తోంది అందరికీ. 'ఐ వజ్ ఎ చీట్ ఎట్ నైన్' అంటోంది. టెస్టులప్పుడు తన చేతికి నూనె అంటి ఉంటుందట, ఆ చేత్తోనే చక్రాలు పెట్టి ఉంటుందట. మోస్ట్‌లీ నేనే చేసుంటాను అంటోంది."

నేను ఫోను పెట్టేశాను. కూర్చున్నాను. కోపం అనే మాటకు అర్థం నాకు ఆ రోజు తెలిసింది. ఆమె చేయలేదు. చేయలేదని ఆమెకు తెలుసు, ఆ రోజు తెలుసు. వాళ్ల నాన్న కళ్లలోకి చూసినప్పుడు తెలుసు. ఆ తెలిసినదాన్ని మేమందరం కలిసి ఏళ్లపాటు రుద్దీ రుద్దీ అరగదీశాం. చివరికి ఆమె నా తప్పును తనదిగా తీసుకుని, దానికొక కారణం కూడా తానే వెతికిపెట్టుకుని, నవ్వుతోంది. కప్పు దొంగిలించాననుకున్నాను ఇన్నాళ్లూ. నేను దొంగిలించింది ఆమె జ్ఞాపకాన్ని.

ఆ సాయంత్రం నోటుబుక్కు బయటికి తీశాను. చివరి పేజీలో ఒక వరుస ఖాళీగా ఉంది. పందెం రోజు వాడిన కందెన కోసం నేనే గీసిన వరుస. పెన్నుతో నింపాను. 1999 ఆగస్టు 13, సాయంత్రం 5.40. మాధురి కారు. కుట్టుమిషన్ నూనె, నాలుగు చక్రాలకు నాలుగు చుక్కలు. దాని కింద మర్నాటి తేదీ వేసి, చేతిరుమాలు సంగతి కూడా రాశాను.

తరవాత మాధురికి ఫోన్ చేసి అంతా చెప్పాను. "ఆ రోజు నేను మీ చొక్కా పట్టుకుని లాగాను నాన్నా" అంది. అంతే అంది. నాజియా చిరునామా మెసేజీలో పంపింది. ఆ తరవాత రెండు ఆదివారాలుగా ఇంటికి రాలేదు.

ఈ పొద్దున నోటుబుక్కును రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఉత్తరం జతచేయలేదు. క్షమించమని రాస్తే ఆమె మళ్లీ ఎవరికో ఏదో ఇవ్వాల్సిన స్థితిలో పడుతుంది. నాకు ఆమె ఏమీ ఇవ్వనక్కరలేదు. తనది తాను తీసుకుంటే చాలు. తిట్టినా, నవ్వినా, చింపి పారేసినా, ఆ గుండ్రటి దస్తూరి కింద నా గీతల దస్తూరి ఉంది. అది చాలు.

కోపం తగ్గిందా? లేదు. కానీ ఇన్నేళ్లకు మొదటిసారి అది సరైన చిరునామాలో ఉంది.

ఈ కాగితాల మీద నా పేరు రాయలేదు, మీరు గమనించే ఉంటారు. అక్కడ రాశాను. "ఎవరు పెట్టారు" అన్న గడిలో, ఇంటిపేరుతో సహా. పక్కన సంతకం పెట్టి, తేదీ వేశాను.